నాస్ నుంచి టీవీలో వీడియో ఆగిపోతుంటే: కొత్తది కొనే ముందు ఏది చెడిందో తేల్చుకోండి

మీరు రాసింది క్లుప్తంగా ఇది. నయీంనగర్‌లో అపార్ట్‌మెంట్, రెండు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించుకుని ఫైళ్లు దాచే డిస్కు పెట్టె), హాల్లో 4కే టీవీ. మామూలు సినిమాలు మంచిగానే నడుస్తాయి. పెండ్లి స్టూడియో వాళ్లు హార్డ్ డిస్కులో ఇచ్చిన వీడియోలు నాస్‌లోకి ఎక్కించి టీవీలో పెడితే కొన్ని అసలు తెరుచుకోవు, కొన్నింటికి బొమ్మ వస్తుంది కానీ సప్పుడు రాదు. రాత్రి ఎనిమిది దాటితే సినిమాలు కూడా ఆగి ఆగి వస్తాయి. దుకాణంలో అడిగితే "ఈ నాస్ సరిపోదు, పెద్దది తీసుకోండి" అన్నారు.

ఇప్పుడే ఏదీ కొనకండి. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. టీవీ మాత్రం మూడింటికీ "ప్లే చేయలేకపోతున్నాం" అనో, తిరుగుతున్న చక్రమో చూపించి ఊరుకుంటుంది. ఆ మెసేజ్ మీద నమ్మకం పెట్టుకుంటే పైసలు పోతాయి, జబ్బు పోదు.

ముందుగా వీడియో ఎక్కడ ఆగుతోందో చూడండి. ఒకే ఫైల్‌ను రెండుసార్లు పెట్టండి. రెండుసార్లూ సరిగ్గా అదే నిమిషంలో, అదే సెకనులో ఆగితే తప్పు ఫైల్‌లో గానీ డిస్కులో గానీ ఉంది. ఒకసారి 7వ నిమిషంలో, ఇంకోసారి 19వ నిమిషంలో ఆగితే నెట్‌వర్క్. మొదటి సెకనులోనే రాకపోతే, లేదా బొమ్మా సప్పుళ్లలో ఒకటే వస్తే, ఆ ఫైల్ రకం టీవీకి అర్థం కావడం లేదు.

తర్వాత అదే ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి నేరుగా టీవీకి పెట్టండి. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయాలి, ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్ చదవవు, వాటికి ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి. పెన్‌డ్రైవ్‌లో కూడా అదే తప్పు వస్తే నాస్, రౌటర్, వైఫై మూడూ నిర్దోషులు. మీ పెండ్లి వీడియోల సంగతి ఇక్కడే తేలిపోతుందని నా అంచనా.

ఎందుకంటే ఇప్పుడు స్టూడియోల దగ్గర ఉన్న మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలామంది 4:2:2 10 బిట్ అనే పద్ధతిలో తీస్తారు. వీడియోలో వెలుతురు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది. రంగు సమాచారం మాత్రం 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు ఒకటి, 4:2:2లో రెండు పిక్సెళ్లకు ఒకటి. ఎడిటింగ్‌లో రంగులు సవరించడానికి రెండోది బాగుంటుంది కాబట్టి వాళ్లు అది వాడటం సరైనదే. కానీ టీవీ చానళ్లు, ఓటీటీలు, బ్లూరే డిస్కులు అన్నీ ఇంటికి వచ్చేసరికి 4:2:0లోనే ఉంటాయి. టీవీలోని చిప్‌ను దానికోసమే చేశారు. 4:2:2 ఇస్తే చాలా టీవీలు చేతులెత్తేస్తాయి. ఫైల్ పేరు చివర ఎంపీ4 అని ఉండటం వల్ల ఏ లాభమూ లేదు. ఎంపీ4 అనేది డబ్బా మాత్రమే, లోపల ఏ కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) ఉందో అది వేరే సంగతి.

లోపల ఏముందో చూడటానికి కంప్యూటర్‌లో మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. ఫైల్‌ను దాంట్లోకి లాగితే చాలు. నాలుగు విషయాలు రాసుకోండి: వీడియో ఫార్మాట్ హెచ్.264నా హెచ్‌ఈవీసీ (అంటే హెచ్.265)నా, క్రోమా సబ్‌శాంప్లింగ్ (పైన చెప్పిన 4:2:0, 4:2:2) ఎంత, బిట్ డెప్త్ (రంగుల మెట్లు 8 బిట్టా 10 బిట్టా) ఎంత, ఆడియో ఫార్మాట్ ఏది. మీడియాఇన్ఫో హెచ్.264ను ఏవీసీ అని చూపిస్తుంది, రెండూ ఒకటే. ఏవీసీ, 4:2:2, 10 బిట్ అని కనిపిస్తే ఇగ వేరే కారణం వెతకక్కర్లేదు.

బిట్‌రేట్, అంటే సెకనుకు ఎంత డేటా పోతుందో అది కూడా చూడండి. సోనీ కెమెరాల ఎక్స్‌ఏవీసీ ఎస్ రకంలో 4కే 25 ఫ్రేములు, 4:2:2 10 బిట్ అయితే సెకనుకు 140 మెగాబిట్లు, 50 ఫ్రేములయితే 200 మెగాబిట్లు. మీడియాఇన్ఫో లేకపోయినా చేత్తో లెక్క కట్టొచ్చు: ఫైల్ సైజు జీబీల్లో తీసుకుని 8000తో గుణించి, మొత్తం సెకన్లతో భాగించండి. 36 నిమిషాల ఫైల్ 27 జీబీ ఉంటే, 27 ఇంటూ 8000 అంటే 2,16,000. దాన్ని 2160 సెకన్లతో భాగిస్తే సెకనుకు 100 మెగాబిట్లు. రెండు గంటల సినిమా 18 జీబీ ఉంటే అదే లెక్కన 20 మెగాబిట్లే. మీ సినిమాలు నడిచి పెండ్లి వీడియో నడవకపోవడానికి ఈ తేడా కూడా ఒక కారణం. ఇది సగటు మాత్రమే. జనం, తలంబ్రాలు, పూలు ఎగిరే చోట సినిమా ఫైళ్లలో అప్పటికప్పుడు రెండు మూడింతలు పెరుగుతుంది.

"సర్వర్ సాఫ్ట్‌వేర్ వేస్తే నాసే మార్చి ఇస్తుంది కదా" అని కొందరు సలహా ఇస్తారు. దీనికి మాత్రం ఆ దారి పనిచేయదు. ప్లెక్స్, జెల్లీఫిన్ లాంటి సర్వర్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫైల్‌ను అప్పటికప్పుడు మార్చాలంటే ముందు దాన్ని విప్పాలి. ఇళ్లలో వాడే నాస్‌లలో ఉండే ఇంటెల్ జే4125, ఎన్5105, ఎన్100 లాంటి చిప్‌లలో హెచ్.264 4:2:2 10 బిట్‌ను విప్పే హార్డ్‌వేర్ లేదు. అప్పుడు భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, 4కేలో అది నిమిషాల్లోనే 100 శాతానికి చేరి చతికిలబడుతుంది. పెద్ద నాస్ కొన్నా చాలా మోడళ్లలో ఇదే కథ. దుకాణం వాళ్ల సలహా వద్దని చెప్పడానికి నా అసలు కారణం ఇదే.

చేయాల్సింది ఒక్కసారి కూర్చుని టీవీ కాపీ తయారు చేసుకోవడం. దానికి వీడియో ఫార్మాట్ మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రామ్ ఉచితం. వీడియో ఎన్‌కోడర్ దగ్గర హెచ్.265 10 బిట్, ప్రొఫైల్ మెయిన్ 10 పెట్టండి. అదే పెడితే రంగు 4:2:0కు దిగుతుంది. సైజు అసలుదే ఉంచండి. ఫ్రేమ్ రేట్ "సేమ్ యాజ్ సోర్స్" ఉండాలి, 50 ఫ్రేముల దాన్ని 30 చేస్తే కెమెరా తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపులతో వస్తుంది. క్వాలిటీకి సగటు బిట్‌రేట్ 30,000 కేబీపీఎస్ వేసి మల్టీపాస్ టిక్ పెట్టండి. ఆడియోకు ఏఏసీ, 320 కేబీపీఎస్. చివరగా "వెబ్ ఆప్టిమైజ్డ్" టిక్ పెట్టడం మరవొద్దు. ఎంపీ4లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే సూచిక మామూలుగా ఫైల్ చివర ఉంటుంది. ఈ టిక్ దాన్ని ముందుకు తెస్తుంది కాబట్టి నెట్‌వర్క్ మీద వీడియో తొందరగా మొదలవుతుంది. 27 జీబీ ఫైల్ 8 జీబీ దరిదాపుల్లోకి వస్తుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో ఒక్కో ఫైల్‌కు గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఒరిజినల్ మాత్రం తీసేయొద్దు, వేరే ఫోల్డర్‌లో దాచండి.

బొమ్మ వచ్చి సప్పుడు రాని ఫైళ్లకు కారణం వేరు. ఎక్స్‌ఏవీసీ ఎస్ ఫైళ్లలో సప్పుడు ఎల్‌పీసీఎం రూపంలో, అంటే కుదించకుండా ఉంటుంది. ఎంపీ4లో అది ఉంటే చాలా టీవీలు పలకవు. పైన చెప్పిన హ్యాండ్‌బ్రేక్ పద్ధతిలో ఇది కూడా తీరిపోతుంది. డిస్కుల నుంచి తీసుకున్న సినిమాల్లో సప్పుడు రాకపోతే అది డీటీఎస్ అనే ఆడియో ఫార్మాట్ అయి ఉంటుంది. శాంసంగ్ టీవీలు 2018 మోడళ్ల నుంచి డీటీఎస్ ఆపేశాయి, ఎల్‌జీలో 2020 మోడళ్ల నుంచి 2022 దాకా లేదు. ఇలాంటప్పుడు వీడియోను ముట్టుకోకుండా సప్పుడు ఒక్కటే ఏసీ3 (డాల్బీ డిజిటల్), 640 కేబీపీఎస్‌కు మార్చాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వీడియోకు "కాపీ" పెట్టి ఆడియోకు మాత్రమే కోడెక్ ఇస్తే నిమిషాల్లో అయిపోతుంది, బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. ఇదే పని సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో చేయించినా చిన్న నాస్‌కు భారం కాదు, సప్పుడు మార్చడం తేలిక పని.

ఇంకో మాట. స్టూడియో వాళ్లు రంగులు సవరించని ఫుటేజ్ ఇస్తే బొమ్మ వెలిసిపోయినట్టు, బూడిద పూసినట్టు కనిపిస్తుంది. అది తర్వాత రంగులు సవరించుకోవడానికి వీలుగా లాగ్ ప్రొఫైల్‌లో తీసింది, టీవీ తప్పు కాదు, నాస్ తప్పూ కాదు. ఏదైనా సినిమా ఫైల్ ఆకుపచ్చ, వంకాయ రంగుల్లో కనిపిస్తే అది డాల్బీ విజన్ అనే వీడియో ఫార్మాట్‌లో ప్రొఫైల్ 5 రకం. డాల్బీ విజన్ ఉన్న టీవీలో, దాన్ని అర్థం చేసుకునే ప్లేయర్‌లో తప్ప సరిగ్గా రాదు.

మిగిలిన ఫంక్షన్ల వీడియోలు ఇంకా రావాల్సి ఉంటే స్టూడియోకు ముందే చెప్పండి: హెచ్‌ఈవీసీ 4:2:0 10 బిట్, 40 మెగాబిట్లు దాటకుండా, సప్పుడు ఏఏసీ. ఎడిటర్‌కు ఎక్స్‌పోర్ట్‌లో ఇది రెండు నిమిషాల మార్పు.

ఇగ రాత్రి ఎనిమిది సంగతి. సినిమా పొద్దున మంచిగా నడిచి రాత్రి ఆగుతుంటే ఫైల్ తప్పు కాదు. ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకోమని కూడా చెప్తారు, దాంతో ఏ ప్రయోజనమూ లేదు. నాస్ నుంచి టీవీకి వెళ్లే వీడియో మీ ఇల్లు దాటి బయటికి పోదు. కావాలంటే రౌటర్‌కు ఇంటర్నెట్ తెచ్చే కేబుల్ పీకి వీడియో పెట్టి చూడండి, నడుస్తుంది. ప్లెక్స్ మాత్రం లాగిన్ కోసం ఇంటర్నెట్ అడగొచ్చు, కాబట్టి ఈ పరీక్ష వీఎల్‌సీ, కోడీ లాంటి ప్లేయర్‌తో చేయండి.

రాత్రి ఆగడానికి కారణం గాలిలో రద్దీ. అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్‌లో ఒక రౌటర్ ఉంది, అందరూ ఇంటికి చేరేది ఆ టైముకే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు మూడే: 1, 6, 11. పక్కింటి రౌటర్ మీ చానల్‌లోనే మాట్లాడుతుంటే అది ఆపేదాకా మీది ఆగాలి. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే టీవీ ఏది పట్టుకుందో తెలియదు. రౌటర్ పేజీలో వాటికి వేర్వేరు పేర్లు పెట్టి, టీవీలో 2.4 పాస్‌వర్డ్ మరిపించి 5 ఒక్కటే ఇవ్వండి. అయితే 5 గిగాహెర్ట్జ్ స్లాబులను, కాంక్రీటు గోడలను దాటడంలో బలహీనం. రౌటర్ గుమ్మం పక్కన చెప్పుల స్టాండ్ మీద, టీవీ రెండు గోడల అవతల ఉంటే ఫలితం రాదు. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ వేసి టీవీ దగ్గర నిలబడి చూడండి, సిగ్నల్ మైనస్ 65 డీబీఎం గానీ అంతకంటే మెరుగ్గా (సున్నాకు దగ్గరగా) గానీ ఉండాలి. మైనస్ 75 అయితే రౌటర్‌ను జరపడమో వైరు లాగడమో తప్పదు. నాస్‌ను మాత్రం ఎప్పుడూ వైఫై మీద పెట్టొద్దు. నాస్, టీవీ రెండూ గాలిలో ఉంటే ప్రతి ప్యాకెట్ రెండుసార్లు అదే చానల్ మీద ప్రయాణించాలి, వేగం సగానికి పడుతుంది.

వైరులో కూడా ఒక మోసం ఉంది. చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లదే, 4కే టీవీలలో కూడా. నికరంగా 94 దాకా వస్తుంది. మీ 140, 200 మెగాబిట్ల ఫైళ్లు దాంట్లో పట్టవు. బిట్‌రేట్ 80 దాటే ఫైళ్లకు మంచి 5 గిగాహెర్ట్జ్ వైఫైయే వైరు కంటే మేలు. టీవీ కాపీలు 30కి దించాక మాత్రం వైరు అన్నింటికంటే నమ్మకమైనది.

రౌటర్‌కు నాస్‌కు మధ్య వైరు మాత్రం 1000 చూపించాలి. నాస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పేజీలో లింక్ స్పీడ్ కనిపిస్తుంది. 100 అని ఉంటే కేబుల్ చూడండి. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు నాలుగు చాలు. ఇంటర్నెట్ పెట్టే పిలగాళ్లు చాలాచోట్ల నాలుగు తీగలే కొట్టి పోతారు, 100 ప్లాన్‌కు అది సరిపోతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. అదే ముక్క తర్వాత నాస్‌కు పెట్టుకుంటే ఇట్ల అవుతుంది. రెండు చివరలా వరుస ఒకటే ఉండాలి: నారింజ గీత తెలుపు, నారింజ, ఆకుపచ్చ గీత తెలుపు, నీలం, నీలం గీత తెలుపు, ఆకుపచ్చ, గోధుమ గీత తెలుపు, గోధుమ. కొనేటప్పుడు స్వచ్ఛమైన రాగి క్యాట్6 అడగండి. రాగి పూత అల్యూమినియం తీగ వంపుల దగ్గర విరుగుతుంది.

టీవీకి నాస్ ఒక్కోసారి అసలు కనిపించడం లేదని కూడా రాశారు. ఫైబర్ వాళ్లు పెట్టిన డబ్బాకు ఒక వైఫై, మీరు కొన్న రౌటర్‌కు ఇంకో వైఫై ఉన్నాయా చూడండి. రెండూ రౌటర్లుగా పనిచేస్తుంటే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు ఉన్నట్టు. టీవీ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) 192.168.1తో, నాస్ ఐపీ 192.168.0తో మొదలైతే అవి ఒకదాన్నొకటి చూడలేవు. మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా) పెడితే అన్నీ ఒకే చోట చేరతాయి. గెస్ట్ వైఫైలో టీవీ ఉన్నా కనిపించదు. తర్వాత రౌటర్‌లో నాస్‌కు ఐపీ రిజర్వేషన్ (ఎప్పుడూ ఒకే చిరునామా) ఇవ్వండి, లేకుంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా చిరునామా మారి "సర్వర్ దొరకలేదు" అంటుంది.

విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మాత్రమే నాస్ ఫోల్డర్ తెరుచుకోకపోతే అది 24హెచ్2 అప్‌డేట్ ప్రభావం. ప్రో వెర్షన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లకు అది దారి మూసేసింది. సెట్టింగ్ తిప్పి భద్రత తగ్గించుకునే బదులు నాస్‌లో ఒక యూజర్, ఒక పాస్‌వర్డ్ పెట్టండి. పాత ఆండ్రాయిడ్ బాక్స్ ఉంటే దానికోసం ఎస్‌ఎంబీ1 (భద్రత లేని పాత షేరింగ్ పద్ధతి) తెరవొద్దు, డీఎల్‌ఎన్‌ఏ (టీవీలకు వీడియో పంపే పద్ధతి) వాడండి.

సబ్‌టైటిల్ పెట్టగానే వీడియో నత్తనడక పడితే అది బొమ్మల రూపంలో ఉన్న పీజీఎస్ సబ్‌టైటిల్. సర్వర్ దాన్ని బొమ్మ మీద అచ్చు వేయడానికి వీడియో మొత్తాన్ని మార్చాల్సి వస్తుంది. అక్షరాల రూపంలో ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైల్ వాడండి. తెలుగు ఎస్‌ఆర్‌టీని యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించింది అయితే టీవీలో ఇంగ్లిష్ అక్షరాల చెత్తలా వస్తుంది, యూనికోడ్‌కు మార్చాల్సిందే.

మొదటిసారి పెడితే ఎర్రర్, మళ్లీ నొక్కితే వస్తోంది అన్నది డిస్కు నిద్ర వల్ల. డిస్కు లేచి తిరగడానికి పది సెకన్లు పడుతుంది, టీవీ అంతసేపు ఆగదు. డిస్కు నిద్రపోయే సమయం (హైబర్నేషన్) గంటకు పెంచండి, లేదా సాయంత్రాలు ఆపేయండి.

ఒకే నిమిషంలో ఆగే ఫైల్ ఒకటుందన్నారు. దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆ ఫైల్‌ను నాస్ నుంచి ల్యాప్‌టాప్‌కు కాపీ చేయండి. కాపీ కూడా మధ్యలో ఆగితే డిస్కు చెడుతోంది. కాపీ పూర్తయి అక్కడ కూడా అదే చోట ఆగితే ఎక్కించేటప్పుడే ఫైల్ చెడింది, స్టూడియో డిస్కు నుంచి మళ్లీ ఎక్కించండి. నాస్‌లో డిస్కు స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) తెరిచి మూడు వరుసలు చూడండి. 5వది, 197వది సున్నా కాకుండా పెరుగుతుంటే డిస్కు ఉపరితలం పాడవుతోంది. 199వది పెరుగుతుంటే డిస్కు మంచిదే, కనెక్టర్ లూజు, ట్రే తీసి మళ్లీ బిగించండి. డిస్కు వేడి కూడా అక్కడే ఉంటుంది. మన దగ్గర ఎండకాలంలో తలుపులు మూసిన బీరువాలో నాస్ పెడితే 50 డిగ్రీలు దాటడం కష్టమేం కాదు, గాలి ఆడే చోటికి మార్చండి. ఇన్వర్టర్ మీద ఉంటే వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి, ఎకో మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణానికే నాస్ రీస్టార్ట్ అవుతుంది. యూఎస్‌బీ వైరుతో నాస్‌కు కలిసే చిన్న యూపీఎస్ అయితే ఇంకా నయం, బ్యాటరీ అయిపోకముందే నాస్ తనంతట తాను పద్ధతిగా ఆగుతుంది.

197లో అంకె కనిపిస్తే రిపేరు, రీబిల్డ్, స్క్రబ్ ఏదీ మొదలుపెట్టకండి. ఆ పనులకు డిస్కు మొత్తం చదవాలి, సగం చెడిన డిస్కు ఆ భారానికే పోవచ్చు. ముందు పెండ్లి ఒరిజినళ్లను బయటి డిస్కుకు దించండి. రెండు డిస్కులూ మిర్రర్‌లో (ఒకదాని నకలు ఇంకోదాంట్లో) ఉన్నాయన్న ధీమా వద్దు, పొరపాటున ఫోల్డర్ తీసేస్తే రెండింటిలోనూ పోతుంది. స్టూడియో వాళ్ల దగ్గర ఫుటేజ్ ఇంకా ఉందో లేదో ఈ రోజే ఫోన్ చేసి అడగండి, కార్డులు, డిస్కులు తర్వాతి సీజన్‌కు తుడిచేస్తుంటారు.